ఆ కాగితం నేను చదవను

మంకమ్మతోట,
కరీంనగర్.
గురువారం

చిరంజీవి జాన్సన్‌కు,

నీకూ కోడలికీ పిల్లకూ ప్రభువు తోడుగా ఉండాలని ప్రార్థిస్తూ మీ అవ్వ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. మోకాలి నొప్పి తగ్గింది, బీపీ మామూలుగానే ఉంది, నోరు ఎప్పటిలాగే ఉంది. ఉట్నూర్‌లో అప్పుడే చలి మొదలైందని రాశావు. పిల్లకు చెవులు కప్పకుండా బయట తిప్పకండి.

నీ ఉత్తరం సోమవారం అందింది. రోజూ ఫోన్ చేసే కొడుకు కాగితం మీద రాశాడంటేనే లోపల ఏముందో సగం అర్థమైంది. నా ముఖం మీద అనలేని మాటలు రాశావు. మంచిదే. నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "అవ్వా, జర ఆగు" అని నాలుగుసార్లు అడ్డం పడతావు. కాగితానికి ఎట్లా అడ్డం పడతావో చూస్తాను.

"అరవై రెండేండ్ల వయసుల గిదేం పని అవ్వా?" అని అడిగావు. పని కాదురా, ఇష్టం. ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేశాను. పిల్లలు లేబుల్ ఊడిన సీసా తెస్తే దూరం నుంచి వాసన పట్టి పేరు చెప్పేదాన్ని. రిటైరయ్యాక ఈ ముక్కుకు పప్పు మాడిందో లేదో చూడటం తప్ప వేరే కొలువు లేకుండా పోయింది. నిరుడు మహిమ, మా అక్క కూతురే, వాళ్ల ఆఫీసు విందు అని బైపాస్ దగ్గర కొత్తగా పెట్టిన బ్రూవరీకి తీసుకుపోయింది. అక్కడే బీరు కాస్తారు, అక్కడే పోస్తారు. నేను పోయింది చికెన్ తినడానికి. అద్దం వెనక పెద్ద పెద్ద స్టీలు డ్రమ్ములు, గొట్టాలు, వేడి చూపించే ముళ్లు కనిపించగానే ప్లేటు వదిలేసి అటే నడిచాను.

అక్కడ బీరు కాచేది వెంకటేశ్ అనే అతను. కెమిస్ట్రీ చదివాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పెద్దావిడ అద్దానికి ముక్కు ఆనించి చూస్తోందని జాలిపడి, లోపలికి పిలిచి అర గుక్క బీరు ఒక చిన్న గ్లాసులో పోసిచ్చాడు. వాసన చూసి నాలుక తడిపి అన్నాను:

"బిడ్డా, గిది ఉడకబెట్టిన మక్కబుట్ట వాసనొస్తుంది. కాగేటప్పుడు మూత పెట్టినవా?"

అతను గ్లాసు లాక్కుని ఆ మొక్కజొన్న వాసన తనూ చూశాడు. "పెట్టిన. జల్ది కాగుతదని సగం మూత దించిన. నీకెట్ల ఎర్క అమ్మా?"

"నాకు కాదు, నా ముక్కుకు ఎర్క" అన్నాను.

అప్పటినుంచి రెండు వారాలకోసారి శనివారం మధ్యాహ్నం పోతున్నాను. నాలుగు చిన్న గ్లాసులు పెడతాడు. నేను వాసన, రుచి పొడుగు నోటుబుక్కులో రాస్తాను. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది జాన్సన్. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. ఈస్ట్ అనే కంటికి కనపడని జీవి చక్కెర తిని ఆ వాసన పుట్టిస్తుంది. దేవుడు అంత చిన్న ప్రాణికి అంత పనితనం ఇచ్చాడని తెలిసి నేను సంబరపడితే అది నీకు తాగుడులా కనిపించింది.

"తాగుడుకు అలవాటు పడ్డవా?" అని కూడా అడిగావు. ఆ మాట రాసే ముందు నీ పెన్ను కాసేపు ఆగి ఉంటుందని అనుకుంటాను, లేకపోతే నాకు బాధ. నాలుగు గ్లాసులూ కలిపితే టీ కప్పు నిండదు. తాగి సంసారాలు కూల్చుకున్నవాళ్ల ఇళ్లకు చర్చి స్త్రీల సమాజం తరఫున పోయి, ఆ ఆడవాళ్ల పక్కన కూర్చుని ఏడ్చినదాన్ని నేను. ఏది ఏమిటో నాకు తెలుసు. యేసు నీళ్లను ద్రాక్షారసం చేసిన కానా ఊరి పెళ్లి మాట మాత్రం ఎత్తను. తాగేవాళ్లందరూ వాడి వాడి ఆ వచనాన్ని అరగదీశారు.

ఇక పేపర్లో ఫొటో సంగతి. పోయిన నెల హైదరాబాద్‌లో చిన్న బ్రూవరీల వాళ్లందరూ కలిసి బీరు పండుగ పెట్టారు. మహిమా నేనూ పోయాం. పేర్లు లేని ఆరు గ్లాసులు ముందు పెట్టి, దేంట్లో ఏం లోపముందో చెప్పమనే పోటీ ఉంది. నలభై మంది కూర్చున్నాం, ముప్పావు వంతు గడ్డాలవాళ్లే. మధ్యలో నేను తెల్ల చీరలో, పర్సు ఒళ్లో పెట్టుకుని. పక్కాయన "అమ్మా, ఇది వెయిటింగ్ హాల్ కాదు" అన్నాడు. ఆరింటిలో ఐదు సరిగ్గా చెప్పాను. ఆయన రెండు చెప్పాడు. మెడలో పతకం వేశారు, ఫొటో తీశారు. ఆ ఫొటోలో పళ్లన్నీ కనిపించేలా నవ్వాను, నిజమే. నీ పెళ్లి ఫొటోలో కూడా అంత నవ్వలేదు. ఆ రోజు పలావు తక్కువపడుతుందేమోనన్న ఫికర్‌లో ఉన్నాను.

"బాపు ఉంటె ఏమనేటోడు?" అని రాశావు. "స్కూటర్ తియ్యాల్నా?" అనేవాడు. నాకంటే నీకు బాగా తెలుసు.

ఆ ఫొటో చర్చి వాట్సాప్ గ్రూపులో పడిందని, సంఘపెద్ద ఆశీర్వాదం నీకు ఫోన్ చేశాడని రాశావు. నా దగ్గరికి కూడా వచ్చాడు. చెడ్డవాడు కాదు. టీ తాగి, పిల్ల ఎట్లా ఉందని అడిగి, జేబులోంచి మడత కాగితం తీశాడు.

"అక్కా, రెండు ముక్కలు రాసుకొచ్చిన. మొదటి ఆదివారం ప్రభువు బల్లకు ముందు నువ్వు లేచి చదివితె ఒడిసిపోతది."

చదివాను. 'మద్యముతో సంబంధము పెట్టుకొని సంఘమునకు అవమానము తెచ్చినందుకు పశ్చాత్తాపపడుచున్నాను' అని ఉంది. చదవకపోతే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ బల్లకు నన్ను దూరంగా ఉంచుతారు. స్త్రీల సమాజం వదలాలి. ఇరవై ఆరేళ్లుగా ప్రభు భోజనానికి రసం కాచే పని కూడా వదలాలి. ఆ చివరిది చెప్పేటప్పుడు ఆశీర్వాదం నా ముఖం చూడలేదు.

నువ్వేమో "చదివెయ్యి అవ్వా, రెండు నిమిషాల పని. నాకిక్కడ నలుగుట్ల ముఖం చెల్లుతలేదు. తప్పు ఒప్పుకుంటె మనిషి చిన్నగైపోడు" అని రాశావు.

ఆ కాగితం నేను చదవను. ఎవరూ నాతో చదివించలేరు, నువ్వు కూడా. కానీ నీ చివరి వాక్యం మాత్రం నన్ను సోమవారం మొత్తం అన్నం తిననివ్వలేదు. ఎందుకంటే నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది. దానికీ బ్రూవరీకీ సంబంధం లేదు. పద్దెనిమిదేళ్లుగా నీకు కూడా చెప్పలేదు.

మన సంఘంలో బల్ల దగ్గర మత్తు ఉన్నదేదీ ఇవ్వరు. అందుకే ఎండుద్రాక్ష నానబెట్టి, కాచి, వడగట్టి, వేడిగా ఉండగానే సీసాలో పోసి బిరడా బిగిస్తాను. ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందు శనివారం చేసే పని. ఆ ఏడు మే నెలలో పాస్టర్ అయ్యగారికి జ్వరం వచ్చి ప్రభు భోజనం వారం వాయిదా పడింది. రసం అప్పటికే కాచేశాను. రెండో ఆదివారం ఊళ్ల నుంచి ఎక్కువమంది వస్తారు, సరిపోదేమోనని సీసా తెరిచి, ద్రాక్ష నానబెట్టిన నీళ్లు కాయకుండానే రెండు గ్లాసులు కలిపి పక్కన పెట్టాను. ల్యాబులో పనిచేసే మనిషి చేయవలసిన పనేనా అది? మే ఎండలో వారం రోజులు! మరుసటి శనివారం బిరడా తీస్తే టప్పుమంది. నురగ వచ్చింది. రుచి చూశాను. అది రసం కాదని నాకు తెలిసిపోయింది. ఒంపేసి మళ్లీ కాచడానికి పొద్దు ఉంది, ఇంట్లో ద్రాక్ష కూడా ఉంది. ఎలీసబెతు రసం చెడిపోయిందని ఒకరంటారేమోనని, వడగట్టి అదే పంపాను.

బల్ల దగ్గర ఒక ముసలాయన గట్టిగానే అన్నాడు, "గిది కల్లు లెక్కుందేంది?" అని. అందరూ చూసుకున్నారు. చర్చి ఊడ్చే రామవ్వ నీకు గుర్తుంటుంది, గంట కొట్టేటప్పుడు నిన్ను కూడా తాడు పట్టుకోనిచ్చేది. రామవ్వ తమ్ముడు హుస్నాబాద్‌లో కల్లు దుకాణంలో పనిచేసేవాడు. చర్చి తాళం ఆమె దగ్గరే ఉండేది. ఇంకేం కావాలి? ఆమే కల్లు తెచ్చి సీసాలో కలిపిందన్నారు. కమిటీ కూర్చుంది. రామవ్వ ఏడుస్తూ నా వైపు చూసింది. "అక్కా, నువ్వన్న చెప్పు. నేను సీసా ముట్టలే" అంది. నేను పాటల పుస్తకం తెరిచి చూస్తూ కూర్చున్నాను. పని తీసేశారు, బల్లకు రావద్దన్నారు. ఆమె హుస్నాబాద్ వెళ్లిపోయింది. మరుసటి నెల నేను మళ్లీ రసం కాచాను, చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

వెంకటేశ్ డ్రమ్ముల గదిలో మొదటిరోజు మూత తీసినప్పుడు ఆ శనివారం వాసనే వచ్చింది. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. మహిమ గ్యాస్ అనుకుని సోడా తెచ్చింది. ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు, తీపి నీళ్లు వాటంతట అవే పులుస్తాయని వెంకటేశ్ అక్కడ అందరికీ చెబుతున్నాడు. ఆ ఒక్క ముక్క ఆ రోజు కమిటీ ముందు నేను చెప్పి ఉంటే చాలు. అది తెలిసి కూడా ఇంకో ఏడాది నోరు మూసుకున్నాను. నీ అవ్వ ధైర్యం అంతే.

మంగళవారం పొద్దున బస్సెక్కి హుస్నాబాద్ పోయాను. తమ్ముడి ఇంటి ముందు కూర్చుని రామవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. జుట్టంతా నెరిసింది. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

"గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా అక్కా?"

"రోజూ యాదికున్నవు రామవ్వా. చెప్పే దమ్ము లేకుండె. మాఫ్ చెయ్యి."

"గా నిందతోని మా తమ్మునికి దుకాణంల నౌకరి పోయింది, ఎర్కేనా? 'నీ బిడ్డలు దేవుని గుళ్లె కల్లు పోసిండ్రు' అని మా అవ్వను సచ్చేదాక అన్నరు." అప్పుడు నా వైపు చూసింది. "నన్ను అందరి ముందట అన్నరక్కా. నువ్వు గీడికొచ్చి గుట్టుగ చెప్తె నాకేమొస్తది? అందరి ముందటనే చెప్పు. నేనొచ్చి వింట."

సరే అన్నాను. ఆమె చిక్కుడుకాయలు సంచిలో పోసి ఇచ్చింది. మాఫ్ చేశానని మాత్రం అనలేదు. అడిగే ముఖం నాకూ లేదు.

కాబట్టి జాన్సన్, మొదటి ఆదివారం నేను లేస్తాను. ఆశీర్వాదం సంతోషిస్తాడు, కాగితం చదువుతానని. రామవ్వ సీసా ముట్టలేదని, పులిసింది నా చేతిలోనని, తెలిసి తెలిసి పంపి, తెలిసి తెలిసి నోరు మూసుకున్నానని చెబుతాను. ఆ మాట తలవంచుకునే చెబుతాను. ఆ తరువాత తల ఎత్తి, బీరు రుచి చూసినందుకు నాకు సిగ్గు లేదని, వచ్చే శనివారం కూడా పోతానని చెబుతాను. రసం కాచే పని వాళ్లు తీసేయనక్కర్లేదు, నేనే వదిలేస్తున్నాను. అది పద్దెనిమిదేళ్ల కిందట రామవ్వ చీపురుతో పాటే పోవలసింది.

నీకు అక్కడ ముఖం చెల్లదని తెలుసు. పరేషాన్ అవుతావు, కోడలి తల్లిదండ్రులకు ఏం చెప్పాలో తోచదు. అయినా రా. తాగుబోతు అవ్వను కాపాడటానికి కాదు, నీ చేత గంట తాడు పట్టించిన మనిషికి ఎదురుపోయి లోపలికి తీసుకురావడానికి. రాకపోతే నేనే పోతాను. నేను చెప్పేటప్పుడు మధ్యలో అయ్యగారు కూర్చోమన్నా కూర్చోను, మాట పూర్తయ్యే దాకా నిలబడతాను. తరువాత అందరూ బల్ల దగ్గరికి పోతుంటే నన్ను వెనక బెంచీలో ఉండమంటారు. ఉంటాను, రామవ్వ పక్కన. ఆమె పద్దెనిమిదేళ్లు ఆ బల్లకు దూరంగా ఒక్కతే కూర్చుంది.

ఇట్లు,
నీ మాట సగమే వింటున్న
నీ అవ్వ,
ఎలీసబెతు