పెద్దనాన్న ముక్కు మీద చిన్న అనుమానం

ప్లేనో,
అక్టోబర్ 9, 1984

పెద్దనాన్నకి నమస్కారం.

క్యారీలో తన ఇంటికి వచ్చాక మీకు ఏ పేస్ట్రీ నచ్చడం లేదని విజయశ్రీ అక్క ఫోన్‌లో చెప్పింది. "మీ చెల్లెలి బేకరీలో వెన్న వాసనే వేరు" అంటున్నారట. అందుకే ఈ ఉత్తరం.

నేను పనిచేసే బేకరీలో వెన్న వాడరు పెద్దనాన్నా. మీరు నా దగ్గరున్న రెండు నెలలూ రోజూ తెచ్చిన పేస్ట్రీలన్నీ షార్టెనింగ్‌తో చేసినవే. అంటే మన డాల్డా లాంటిదే. డబ్బా మీది చీటీ చింపి ఇందులో పెట్టాను, చూడండి. చెంచాకి పన్నెండు గ్రాముల కొవ్వు, నూట పది కాలరీలు. ప్రొటీన్ సున్నా, విటమిన్లు సున్నా, పాలచుక్క అసలే లేదు. పెరిగిన బరువు వెన్న బలమని మీరు మురిసిపోయారే, ఆ ఎనిమిది పౌండ్లూ దీనివే.

ముందే చెప్పనందుకు తిట్టండి. మీరు కళ్లు మూసుకుని వాసన పీలుస్తూ తింటుంటే నాకు నోరు రాలేదు.

ఆరేళ్ల కిందట నా పెళ్లి పంక్తిలో లడ్డూ వాసన చూసి, మగపెళ్లివారందరి ముందూ "డాల్డా!" అని విస్తరి ముందు నుంచి లేచిపోయారు. ఆ రోజు నుంచి నాన్నతో మీకు మాటల్లేవు. అది నెయ్యేనని నాన్న ఇప్పటికీ ఒట్టేస్తున్నాడు. రెండు నెలలపాటు డాల్డాని వెన్న అనుకున్న ముక్కు, ఆ రోజు నెయ్యిని డాల్డా అనుకుని ఉండకూడదా?

ఇండియాకి పంపడానికి నాన్న అడ్రస్ రాసిన ఖాళీ ఏరోగ్రామ్ ఉత్తరం కూడా పెట్టాను. ఏం రాయాలో తోచకపోతే, అమెరికాలో రెండు నెలలు డాల్డా తిన్నానని రాయండి. మిగతాది నాన్నకి అర్థమవుతుంది.

మీ బేకరీ అమ్మాయి