దుమ్ము వేసిన అచ్చు

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం

తెలుగులో రాస్తున్నాను. ఈ ఇంట్లో తెలుగు చదవడం నాకొక్కదానికే వచ్చు. మావారికి మరాఠీ వచ్చు, అత్తమ్మకు ఏదీ రాదు. హాయి.

చలికాలమంతా పెరట్లో దండెం మీద దుప్పటంత తెల్లగుడ్డ ఒకటి వదిలేశాను. మా లాల్‌పేట్‌లో అది పిచ్చిపని. ఇక్కడ బొగ్గు గని వైపు నుంచి గాలి తిరిగితే చాలు, ఆడవాళ్లు పరుగెత్తి బట్టలు తీసేస్తారు. బొగ్గు దుమ్ము పడి, మంచుకి తడిసి, ఎండకి ఆరి, గుడ్డ నిండా మరకలు దిగాయి. బ్లౌజుల మీద ఎంబ్రాయిడరీకైతే నేను నీలంతో డిజైన్ అచ్చు వేసుకుని, కుట్టు అయ్యాక కడిగేస్తాను. ఈసారి అచ్చు దుమ్మే వేసింది. ఒక్కో మరక అంచు వెంట బూడిదరంగు దారంతో కుట్టుకుంటూ పోతున్నాను.

ఇది నాగపూర్ ఎగ్జిబిషన్‌కి వెళ్తుంది. గోడ మీద నా పేరు ఉంటుంది. ఇన్నేళ్లు కుట్టిన బ్లౌజుల మీద ఎక్కడైనా ఉందా?

ఫిబ్రవరి 6, గురువారం, మధ్యాహ్నం

గుడ్డ పక్కన స్టూల్ వేసుకుని కూర్చుంటే టైమ్ తెలియదు. గాలికి అది ఊపిరి పీల్చి వదులుతుంది. నేనూ దానితో పాటే.

ఒక మరకలో ఇరై నది వంపు కనబడింది. దారం ఆ ఒడ్డు వెంట పోతుంటే వేళ్లకు చల్లగా తగిలింది. నిజంగా. ఇంకో మరక మామయ్య వీపు. గని నుంచి వచ్చి బకెట్ ముందు అలాగే వంగి కూర్చునేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ వీపు చుట్టూ తొందరగా కుట్టబుద్ధి కాలేదు, మెల్లగా పోయాను.

అత్తమ్మ వచ్చి చూసి, ఏందే పిల్లా, గీ మసిగుడ్డను గంత ముద్దు చేస్తున్నవ్ అంది. నవ్వాను. మళ్లీ సూది అందుకున్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

అయిపోయింది! ఆదివారం టెంపో పంపుతానని ఎగ్జిబిషన్ చూసుకునే వైశాలి మెసేజ్.

ఫిబ్రవరి 11, మంగళవారం

గోల్‌బజార్ నుంచి వచ్చేసరికి దండెం మీద గుడ్డ మల్లెపూవులా ఉంది. నీళ్లు కారుతూ.

మా అత్త రుక్కమ్మ ఏళ్ల తరబడి గని బట్టలు ఉతికిన మనిషి. ఒక్క మరక మిగల్చలేదు. సోడా, సబ్బు, చివర్న నీలిమందు. కుట్టుడు అయినంక అచ్చు కడిగేస్తవు గదా, నువ్వు బజారుకు పోతివని నేనే ఉతికిన, నడుం పోయింది బిడ్డా అంది. మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూసింది.

అరిచాను. అన్నవన్నీ రాయను. నా బతుకు కడిగేసినవ్ అన్నాను, అదొక్కటి రాస్తాను.

అదే రోజు, సాయంత్రం

ఇద్దరం తినలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

పొద్దున వైశాలికి ఫోన్ చేసి పీస్ లేదన్నాను. ఉన్నదానికే ఫోటో తీసి పంపు అంది. పంపలేదు. తెల్లగుడ్డకు ఫోటో ఏంది నా తలకాయ.

తర్వాత అత్తమ్మ వచ్చి గడపలో కూర్చుంది. నన్ను చూడకుండా మాట్లాడింది. మీ మామ పోయిన్నాడు ఆఖరి డ్యూటీ అంగీ గూడ గిట్లనే ఉతికేసిన అంది. ఇంటికి మంది వస్తరు, మసి అంగీ కనబడొద్దని. గిప్పుడు పెట్టెల తెల్లగ ఉన్నది, వాసన చూస్తే సబ్బు. ఉతుకుడు తప్ప నాకేం వస్తది బిడ్డా అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. లేచి పోయి బియ్యం కడిగింది.

గుడ్డ తీసేద్దామని పెరట్లోకి పోయాను. వెనక నుంచి ఎండ పడుతోంది. మరకలు లేవు కానీ అంచులన్నీ ఉన్నాయి. ఆ వంపులో నది లేదు, ఒడ్డు ఉంది. మామయ్య వీపు ఉన్నచోట తెల్లగా వెలుగు, దాని చుట్టూ నా కుట్టు. అత్తమ్మ అన్నానికి పిలిచింది. వస్తున్నా అని, ఫోటో తీసి వైశాలికి పంపాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఫోటో చూసి వైశాలి పంపిన టెంపో వచ్చింది. గుడ్డ తెల్లగా అలాగే వెళ్లింది. మడత అత్తమ్మే పెట్టింది.

సాయంత్రం గాలి తిరిగింది. బట్టలు తీద్దామని పరుగెత్తాను. దండెం మీద మామయ్య అంగీ ఒక్కటే ఉంది. అత్తమ్మ దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.

ముట్టకు, దుమ్ము పడనియ్ అంది.