ఎగిరే వీరుడూ, మా బావా

బొంబాయి

అక్క మాణిక్యమ్మకు, నీ తమ్ముడు హన్మంతు రెండు చేతులా దండం పెట్టి రాసే ఉత్తరం. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, పిల్ల, అవ్వ అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? నారాయణపేట దవాఖానకు తీసుకుపోయారా, లేక మళ్లీ ఆ ఆకు పసరేనా? నా గురించి ఏమీ ఫికర్ చేయకండి. రెండు పూటలా తింటున్నాను, ఒళ్లు బాగానే ఉంది.

నీ ఉత్తరం అందింది. "మీ బావ బొంబాయి పోత పోత అని ఒక్కతీరుగ పానం తీస్తున్నడు. నువ్వు పంపమంటే పంపుత, వద్దంటే ఆపుత" అని రాశావు. ఇంత పెద్ద మాట తెచ్చి నా నెత్తిన పెడితే ఎట్లా అక్కా? అందుకే జవాబు రాయడం ఆలస్యమైంది. కోపం తెచ్చుకోకు.

ఇవాళ పొద్దటి నుంచి వాన. మన దగ్గర వాన కోసం మొగులు వంక చూసి చూసి మెడలు నొస్తాయి, ఇక్కడ పడీ పడీ విసుగు పుట్టిస్తుంది. బట్టలు ఆరవు. వీధిలో మోకాటి లోతు నీళ్లు. దుకాణానికి ఒక్కరూ రాలేదు, సేఠ్ కూడా ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నం పూట ఇంత తీరిక దొరకడం ఇదే మొదటిసారి. అందుకే అన్నీ వివరంగా రాస్తున్నాను.

"నువ్వు చేసే పనేందో నాకింకా సమజైతలేదు" అన్నావు కదా, చెబుతా విను. మాది ఆటల దుకాణం. గోడ పొడవునా బీరువాలంత డబ్బాలు ఉంటాయి. ఒక్కో డబ్బాలో ఒక టీవీ, దాని కింద చేత్తో తిప్పే పుల్ల, నొక్కే బటన్లు. ఇత్తడి బిళ్ల వేస్తే ఆట మొదలవుతుంది. బిళ్లలు ఇవ్వడం, అద్దాలు తుడవడం, కొట్లాటలు ఆపడం నా పని. పొద్దున తెరవగానే అన్ని డబ్బాలూ ఒకసారి ఆడి చూడాలి, ఏ బటన్ పట్టేసిందో సేఠ్‌కు చెప్పాలి. ఆడినందుకు జీతమిచ్చే ఊరు ఇదొక్కటే అని బావ ఎగిరి గంతేసి ఉంటాడు. అంత సంబురం లేదని చెప్పు.

అన్నింట్లోకీ బాగా నడిచేది ఎగిరే వీరుడి ఆట. ఆకుపచ్చ బట్టలు ఒంటికి అతుక్కుని ఉంటాయి, వీపు మీద పసుపు బట్ట. ఊరి మీద ఇనుప మనుషులు పడి ఇళ్లు తగలబెడుతుంటే వీడు ఎగిరి వచ్చి తన్నాలి. ఇందులో ఏముంది మజా అనుకున్నాను మొదట. ఆడితే తెలిసింది. వాడు గుద్దితే ఆ గుద్దు మన చేతికి తెలియాలి అక్కా. పిడికిలి తగిలిన చోట బొమ్మ రెప్పపాటు ఆగుతుంది, ధన్‌మని చప్పుడు వస్తుంది, ఇనుప మనిషి పోయి గోడకు కొట్టుకుంటే సున్నం రాలుతుంది. సేఠ్ మొన్న ఇంకో వీరుడి డబ్బా కొత్తది తెచ్చాడు. బొమ్మలు మాత్రం అద్దంలో చూసినట్టున్నాయి. కానీ ఎంత గుద్దినా దూది పరుపు మీద గుద్దినట్టే ఉంటుంది. వారం తిరగకుండానే దాని ముందు ఈగలు తోలుకుంటున్నాను.

నాకు ఆ పాత డబ్బా ముందు నిలబడితే బావే గుర్తుకొస్తాడు. బాగోతంలో గద భుజాన వేసుకుని మొదటి అడుగు వేస్తే బల్లలు అదిరి ముందు వరుస పిల్లలు వెనక్కి జరిగేవాళ్లు కాదూ! పగలంతా మగ్గం మీద వంగి కూర్చునే మనిషికి అంత బరువు ఎక్కడి నుంచి వచ్చేదో. పైగా వెంటనే గెలిచేవాడు కాదు. ముందు దెబ్బలు తిని మోకాళ్ల మీద పడేవాడు. వేషమని తెలిసీ నువ్వు కొంగు నోట్లో కుక్కుకునేదానివి. ఈ ఆట కూడా అంతే. టీవీ మీద బలం చూపే గీతలన్నీ తరిగి ఒక్క గీత మిగిలినప్పుడే వీరుడికి పెద్ద శక్తి వస్తుంది. మొదటి నుంచీ గెలిచేవాడిని ఎవరు చూస్తారు?

ఇంకొకటి చెబుతా, నవ్వకు. ఆటలో మిద్దె మీద మంటల్లో చిక్కుకున్న ఒక ముసలామె ఉంటుంది. ఆమెను ఎత్తుకొచ్చి వీధిలో దించితే చెయ్యెత్తి ఊపుతుంది. వీధిలో జనమంతా తలలెత్తి వీరుడిని చూసి కేకలు వేస్తారు. పొద్దున పరీక్షకు ఆడేటప్పుడు ఆమెను దించేదాకా ఆట ఆపను. ఈ ఊళ్లో నన్ను చూసి చెయ్యి ఊపేది ఆమె ఒక్కతే.

ఖాజా ఉన్నప్పుడు ఇట్లా లేదు. కొల్లాపూర్ ఖాజా, పోయిన నెల మీ ఇంటికి వచ్చి నేను పంపిన దుప్పటి ఇచ్చిపోయాడే, వాడే. ఇద్దరం ఒకే దుకాణం, ఒకే గది. మధ్యాహ్నం జనం పలచబడితే ఇద్దరం కలిసి ఆడేవాళ్లం. ఆ డబ్బాకు రెండు పుల్లలుంటాయి, ఇద్దరు వీరులు. ఒకడు పడిపోతే రెండోవాడు పక్కన నిలబడి ఎర్ర బటన్ నొక్కాలి, అప్పుడు చెయ్యిచ్చి లేపుతాడు. ఎన్ని గుద్దులు గుద్దినా రాని తృప్తి ఆ చెయ్యి అందించినప్పుడు వచ్చేది.

ఒకరోజు ఎట్లాగో చివరి ఇనుప రాక్షసుడిని పడగొట్టాం. చుట్టూ జనం మూగారు. మన బాగోతంలో చచ్చి పడ్డ రాక్షస వేషాన్ని గద వేషం కట్టినవాడే చెయ్యిచ్చి లేపాలి కదా, లేపకుండా వదిలేస్తే పడ్డవాడికి ఏడాదంతా బాగుండదని అవ్వ అంటుంది కదా. ఖాజా వాళ్ల నాయన బాగోతాలకు గ్యాస్ లైట్లు కిరాయికి ఇచ్చేవాడు, వాడికీ పద్ధతి తెలుసు.

"అరె హన్మంతూ, గట్ల సూస్తవేంది, లేపరాదు!" అన్నాడు ఖాజా.

"నేన్ గదే చేస్తున్న. ఎర్ర బటన్ ఒత్తు!" అన్నాను.

ఇద్దరం రాక్షసుడి పక్కన నిలబడి ఎర్ర బటన్ నొక్కుతూ ఉన్నాం. వాడింకా చావలేదట అక్కా! పరుగెత్తి పోయి ఇంకో గుద్దు గుద్దాలట. వాడు తనంతట తానే లేచి మమ్మల్నిద్దరినీ ఒక్క దెబ్బకు పడగొట్టాడు. చూసేవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. "వాని పాడుగాను, లేపుతే కొడ్తడా!" అని ఖాజా తల పట్టుకున్నాడు.

సేఠ్ కూడా నవ్వి, శత్రువును ఎందుకు లేపబోయారని అడిగాడు. నేను బావ సంగతి చెప్పాను. గద, అడుగు, పడ్డవాడిని లేపడం, జనం కేకలు, అన్నీ. చెబుతూ చెబుతూ నేనే అక్కడ బల్ల మీద కాలు వేసి చూపించాను. సేఠ్‌కు ముచ్చటేసింది. అట్లాంటి మనిషి నా దుకాణంలో ఉంటే బాగుంటుంది, పిలిపించు, పని ఇస్తాను అన్నాడు. ఆ మాట ఖాజా మోసుకొచ్చి బావ చెవిలో వేశాడు. వాడికి ఇంటి దగ్గర పెళ్లి కుదిరింది, ఇక తిరిగి రాడు. పోతూ పోతూ నిప్పు పెట్టి పోయాడు.

వాడు పోయినప్పటి నుంచి తెలుగు మాట్లాడటానికి మనిషి లేడు. సేఠ్‌తో, గిరాకీతో హిందీయే. గదిలో మిగతావాళ్లు వేరే షిఫ్టులో పనిచేస్తారు, వాళ్లు వచ్చేసరికి నేను పడుకుని ఉంటాను. మధ్యాహ్నాలు ఆ డబ్బా ముందు ఒక్కడినే నిలబడి రెండు చేతులతో రెండు పుల్లలూ తిప్పుతాను. ఒకడు పడతాడు, ఇంకొకడిని పంపి నేనే లేపుతాను. అది ఆట కాదు, పిచ్చి. మొన్న అద్దం తుడుస్తూ "తిన్నవార?" అని పైకే అన్నాను. ఎవరినన్నానో నాకే తెలియదు. ఇవన్నీ అవ్వకు చదివి వినిపించకు.

నిజం చెబుతున్నాను అక్కా, ఇవాళ ఈ కాగితం ముందు కూర్చున్నది "పంపు" అని రాయడానికే. బావ వస్తే ఈ గది ఇల్లయ్యేది. తిట్టుకుంటాం, కొట్టుకుంటాం, మన మాటలో నవ్వుకుంటాం. దసరాలోపు చెప్పమన్నాడు సేఠ్. నీ పేరు రాసి, క్షేమం రాసి, కలం ఆపి, కాసేపు ఆడదామని డబ్బా దగ్గరికి పోయాను.

ఆ ఆటలో ఒక మెట్టు ఉంది. అక్కడ ఊరు ఖాళీ చేసి జనమంతా వెళ్లిపోయి ఉంటారు. వీరుడికి అదే బలం, అదే గుద్దు, అదే ఎగురుడు. తల ఎత్తి చూసేవాళ్లే ఉండరు. ఇంత కాలంగా చూస్తున్నాను, ఎంతటి ఆటగాడైనా అక్కడికొచ్చేసరికి పుల్ల వదిలేసి, బిళ్ల పోయినా సరే అని వెళ్లిపోతాడు. అది కష్టమైన మెట్టేమీ కాదు. ఇవాళ నేనూ అక్కడే వదిలేశాను.

బావను ఇక్కడ ఎట్లా ఊహించను చెప్పు? సేఠ్ ముచ్చట రెండు రోజులు. తర్వాత బావ చేతికి అద్దం తుడిచే గుడ్డ ఇస్తాడు. అక్కడ బావ వీధిలో దగ్గితే మూడిళ్ల అవతల "తిమ్మన్న వచ్చిండు" అంటారు. ఇక్కడ బల్ల విరిగేట్టు అడుగు వేసినా ఎవరూ వెనక్కి జరగరు. ఆ మనిషి తల వంచుకుని అద్దాలు తుడుస్తుంటే నేను పక్కన నిలబడి చూడలేను. నాకు తోడు కావాలని నీ ఇంట్లో దీపం తెచ్చి ఇక్కడ ఆర్పుకోలేను.

పంపకు అక్కా.

సేఠ్‌కు మా ఇంట్లో వచ్చేవాళ్లు లేరని చెప్పేస్తాను. నేను మాత్రం ఉంటాను, పని బాగానే ఉంది, భయపడకండి. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంత మామిడికాయ తొక్కు, ఎండిన జొన్న రొట్టెలు పంపు. ఇక్కడి అన్నంతో నోరు చచ్చిపోయింది. పిల్లను బడి మాన్పించకు. అవ్వ కాళ్లకు నా దండాలు, పెద్దలందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు. మీ దీవెన ఉంటే నాకేమీ కాదు.

బావకు ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చకు. హన్మంతే రావద్దన్నాడని సూటిగా చెప్పు. నా మీద మండిపడతాడు, మండిపడనీ. నన్ను తిట్టడానికైనా ఒక ఉత్తరం రాస్తాడు.

నీ తమ్ముడు,
హన్మంతు