వేళ్లు కనబడాలి

హఫీజ్‌పేట్,
ఆదివారం.

సాయీ,

నీకు మీ అక్క చేతులకంటే నీ ముఖమే ముఖ్యమైపోయింది. ఇది నీ మీద నా అభియోగం. కాదంటావా, చివరిదాకా చదివి అప్పుడు కాదను.

ఇక ఆశీస్సులు. కోపమొచ్చినా అమ్మ దీవెన ఆగదు కాబట్టి చల్లగా ఉండు. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. ఒకరితో ఒకరం మాట్లాడుకుంటున్నాం కూడా. నిన్నటిదాకా అదీ లేదు, ఎందుకో తర్వాత చెబుతాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న బీపీ అదుపులోనే ఉంది, ఆయన వేసుకునే ఉప్పే అదుపులో లేదు. స్టేషన్ రోడ్డు తవ్వకం మీద నేను రాసిన వ్యాసం పత్రికలో అచ్చయింది, గుంత మాత్రం పూడలేదు. నవ్వకు. ఈ కాలంలో ఉత్తరాలేమిటని నీ పుణె స్నేహితులు వెక్కిరిస్తున్నారట. వెక్కిరించనీ. స్రవంతికి వినపడదు కాబట్టి ముఖ్యమైన మాట ఏదైనా ఈ ఇంట్లో కాగితం మీదే నడవాలని మీ చిన్నప్పుడే అనుకున్నాం. ముగ్గురు ఫోనులో తేల్చేసి నాలుగో మనిషికి తర్వాత చెప్పడం కుటుంబం కాదు, కమిటీ.

ఇక అసలు ప్రశ్న. "నా కెమెరా కొరియర్ చేశారా? వీడియో కాల్‌లో నా ముఖం మసగ్గా వస్తోందని మేనేజర్ అంటున్నాడు. దాన్ని లాప్‌టాప్‌కు తగిలించుకుంటా. అక్కడ అల్మారాలో ఊరికే పడి ఉంది కదా" అని రాశావు. చేయలేదు. అది ఊరికే పడి లేదు. మీ అక్క దాన్ని స్టాండు మీద నిలబెట్టి, కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపింది. మధ్యలో దానంతటది ఆగిపోకుండా సెట్టింగు మార్చింది. బ్యాటరీ చాలడం లేదని, బ్యాటరీ ఆకారంలోనే ఉండే డమ్మీ ఒకటి తెప్పించి గోడ ప్లగ్గుకు వైరు లాగింది. ఇదంతా ఎందుకో నీకు తెలియదు. తెలుసుకోవాలని నీకు తోచలేదు, నా కోపం దాని మీదే.

హైటెక్ సిటీ కంపెనీలో స్రవంతి యాప్‌లు పరీక్షిస్తుందని నీకు తెలుసు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదన్నదీ తెలుసు. టీమంతా తలో ఊళ్లో ఉంటారు కాబట్టి మీటింగులన్నీ వీడియోలోనే. సుష్మ అనే ఇంటర్‌ప్రెటర్ కూడా కాల్‌లో ఉంటుంది. అక్క సైగలు చూసి గొంతుతో చెబుతుంది, వాళ్ల మాటలను సైగల్లో చూపిస్తుంది. ఉద్యోగుల ఇళ్లు కనబడకూడదని కంపెనీ వాళ్లు బ్లర్ తప్పనిసరి చేశారు. ఆ బ్లర్‌కు తల, భుజాలు మనిషిలా కనిపిస్తాయి. కదిలే చెయ్యి గోడలా కనిపిస్తుంది, తుడిచేస్తుంది. మిగిలిన కాసిని వేళ్లనూ లాప్‌టాప్ కెమెరా ఛాతీ దగ్గరే కోసేస్తుంది. పాపం సుష్మ ఏం చేస్తుంది? "మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు" అంటుంది. అది చూసి టీమ్ లీడ్ ఆదర్శ్ అక్క పనితీరు రిపోర్టులో ఏం రాశాడో తెలుసా? "ఆలోచనల్లో స్పష్టత లేదు." వేళ్లు మింగింది సాఫ్ట్‌వేరు, మచ్చ పిల్లకు! మెట్లు కట్టినవాణ్ణి వదిలేసి ఎక్కలేనివాణ్ణి నిలదీయడం మనకు అలవాటే.

నీ కెమెరాతో బ్లర్ అవసరం లేకుండా పోయింది. లెన్సే వెనక గోడను కాస్త మసక చేస్తుంది. మరీ మసక చేస్తే ముందుకు చాపిన చెయ్యి కూడా పోతుందట. ముఖం, చేతులు రెండూ తేటగా ఉండే చోటు పట్టడానికి అక్క అద్దం ముందు కూర్చున్నట్టు కూర్చుని ప్రయోగాలు చేసింది. మొదటి రోజు సుష్మ తెర మీద నవ్వేసింది, సైగ చేస్తూనే పైకీ అంది: "అక్కా, ఇన్నిరోజులు ఏడ దాచినవే గీ చేతులు? ఇయ్యాల గోళ్ల రంగు గూడ కనబడుతుంది!"

ఇప్పుడు, ఇంట్లో మాటలు ఎందుకు ఆగిపోయాయో చెప్పాలి. నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కుదరలేదు.

గురువారం అక్క పనితీరు మీద మీటింగు. నన్ను లోపలి గదిలో ఉండమంది. నేను వినాలని హాల్లోనే గోంగూర తుంచుతూ కూర్చున్నాను. ఆదర్శ్ మర్యాదగానే అన్నాడు: "వీడియో చాలా బాగుందండీ. కాకపోతే బ్లర్ ఆన్ చేసుకోండి, పాలసీ కదండీ."

లేచి వెళ్లి అక్క వెనక నిలబడ్డాను.

"ఏంది బాబూ నీ పాలసీ? నీ నోటికి గుడ్డ గట్టి మీటింగు నడుపుమంటే నడుపుతవా? గా బ్లర్ పెడ్తే మా బిడ్డ మాట పోతది. జర సమజ్ చేస్కో!"

అక్కడితో ఆగానా? చట్టం, రాజ్యాంగం, కార్పొరేట్లు, అన్నీ వచ్చేశాయి. నా గొంతు అక్కకు వినపడదు కదా. కానీ కాల్‌లో ఎవరు ఏం మాట్లాడినా చూపించడం సుష్మ పని. నా ఉపన్యాసం మొత్తం, నోటికి గుడ్డతో సహా, సైగల్లో చూపించింది. అక్క చూసింది. వెనక్కి తిరిగి నన్నొక్కసారి చూసింది. మళ్లీ కెమెరా వైపు తిరిగి చేతులెత్తింది. సుష్మ నోట మాట వచ్చింది:

"అమ్మా, లోపలికి పో. ఇది నా మీటింగు. నా వేళ్లు కనబడుతున్నయ్, ఇగ నువ్వు మాట్లాడుడు ఎందుకు?"

టీమంతా విన్నారు. సభల్లో నన్ను "గొంతులేనివారి గొంతు" అని పరిచయం చేస్తారు, ఇన్నేళ్లూ అది మెచ్చుకోలే అనుకున్నాను. గోంగూర తీసుకుని లోపలికి పోయాను.

తలుపు వెనక నుంచి విన్నాను. అక్క బ్లర్ పెట్టి ఒక మాట చెప్పి, బ్లర్ తీసేసిందట. "ఇంతకుముందు నేనేం చెప్పాను?" అని సుష్మ గొంతు అడిగింది. సుష్మకే సగం అందలేదట, అక్క అదే మాట బ్లర్ లేకుండా చెప్పాక మొత్తం పలికింది. అప్పుడు ఆదర్శ్ అన్నాడు: "సారీ అండీ, ఇలా అవుతోందని నాకు తెలీదు. నెలాఖరు మీటింగుకు పైవాళ్లు వస్తారు. వాళ్లకూ ఇలాగే చూపించండి." ఉద్యోగం తేలేది ఆ రోజే.

ఆ తర్వాత రెండు రోజులు అక్క నాతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే, నేను ఎదురుగా వస్తే కళ్లు మూసుకునేది. సైగలతో బతికే మనిషి కళ్లు మూసుకుంటే ఇక తలుపు తట్టడానికి కూడా ఏమీ ఉండదు. నాన్న మాత్రం "నీ స్పీచులు ఫస్ట్ టైం ఎవరో పూర్తిగ విన్నరు పో" అని నవ్వాడు.

నిన్న నీ ఉత్తరాన్నీ, దానికి జవాబుగా అప్పటికి రాసిన ఆ మొదటి అభియోగాన్నీ ఆమె ముందు పెట్టాను. చదివి తల అడ్డంగా ఊపింది. "కెమెరా తమ్మునిది. అడగాలె. తిట్టి గుంజుకుంటరా?" అంది. తర్వాత ఎదురుగా కూర్చుని, నా మాట ఒక్కటీ కలపకూడదని షరతు పెట్టి, ఇవి చెప్పింది:

1. తమ్ముడూ, నెలాఖరు మీటింగు అయ్యేదాకా కెమెరా నా దగ్గర ఉండనీ. నీకు కుదరదంటే కుదరదని రాయి, వేరే దారి చూసుకుంటాను.
2. వారానికోసారి నాతో వీడియో కాల్ చెయ్యి. టైపు చేయకు. మరిచిపోయిన సైగలు నేర్పుతాను.
3. సైగలతో మాట్లాడేవాళ్లకు కంపెనీ బ్లర్ నిబంధన తీసేయాలి. ఇది నేనే అడుగుతాను.
4. మీటింగు రోజు నాన్న ప్లగ్గు వైరు తన్నకుండా నడవాలి.
5. అమ్మ ఇంట్లోనే ఉండవచ్చు. లోపలి గదిలో. తలుపు వేసుకుని.

ఇట్లు,
చెప్పింది అక్క, రాసింది
మీ అమ్మ
భూలక్ష్మి