స్విచ్చి ఆపలేదన్నయ్యా

అన్నయ్యా,

నీ గడ్డం కత్తి విరిగింది. విరగ్గొట్టింది నేనే. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

నువ్వు పోయి రేపటికి ఏడాది. పెట్టె సర్దుతుంటే కనిపించిందని వదిన దాన్ని మన మోటారు వైండింగ్ షాపుకు తెచ్చి ఇచ్చింది. తాత వాడిన కత్తి, నాన్న నీకిచ్చాడు. తుప్పు పట్టి ఉంది. "కాస్త శుభ్రం చేసి పెట్టవయ్యా, రేపు ఆయన ఫోటో దగ్గర పెడతా" అంది. ఉప్పుకాగితంతో చేత్తో రుద్దితే సాయంత్రానికి అయిపోయేది. నాకంత ఓపిక ఎక్కడిది? గ్రైండరుకు గుడ్డచక్రం బిగించాను.

సగం మెరిసేసరికి కరెంటు పోయింది. నరసరావుపేటలో ఎండాకాలం కరెంటు సంగతి నీకు చెప్పాలా? ఆగిన చక్రం మీదే కత్తి ఆనించి, మిగిలిన తుప్పు గోటితో గీకుతున్నాను. ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. చక్రం కత్తిని నా చేతిలోంచి లాక్కుని గోడకేసి కొట్టింది. రెండు ముక్కలు.

"కరెంటు పోతే ముందు స్విచ్చి ఆపరా" అని ఇదే షాపులో రోజూ అరిచేవాడివి. ఈ మిషను నీ చిటికెన వేలు తీసుకుంది కూడా ఇలాగే కదా.

ముక్కలు కాగితంలో చుట్టుకుని ఇంటికెళ్ళి, జరిగింది చెప్పాను. వదిన తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పొట్లం విప్పనే లేదు.

"కత్తి సంగతి తర్వాత. ఏందీ చేతులు దాస్తన్నావ్? ఇటు చూపించు" అంది.

రెండు చేతులూ పట్టుకుని ఒక్కో వేలూ తడిమి చూసింది. చిటికెన వేలిని మాత్రం చాలాసేపు వదల్లేదు.