చిక్కుడు పందిరి కట్టె

వరంగల్

చి. తేజస్వినికి,

అమ్మ ఆశీర్వదించి రాసేది ఏమంటే, ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను. ఇందులో సగం అబద్ధం. ఆ అబద్ధం ఏమిటో దీని కిందే రాస్తాను. చదివాక నన్ను అమ్మా అని పిలుస్తావో లేదోనని నాలుగు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. నీ పరీక్షలు అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. ఎదురింటి మొగిలయ్య తాత ఆగొద్దన్నాడు. ఆదివారం హాస్టల్లో నీకు దొరికే ఐదు నిమిషాల ఫోన్‌లో, నీ వెనక పదిమంది ఆడపిల్లలు వరుసలో నిలబడి ఉండగా చెప్పే సంగతి కాదిది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. చలి తగ్గలేదు. శివరాత్రికి శివశివా అని పోవాల్సిన చలి, ఇప్పటికైతే పోయేలా లేదు. మీ నాయన మోకాలు నొప్పి అలాగే ఉంది. నొప్పి అంటూనే పొద్దున ఆరింటికి ఆటో తీసి పరకాల దాకా తిరిగి వస్తాడు. ఇంట్లో పని చెబితే మాత్రం ఆ మోకాలు గుర్తొస్తుంది. చిక్కుడు పాదు తీసేశావా అని అడిగావు. తీసేశాను. దానికి నిలువెల్లా పేనుబంక పట్టింది. మీ నాయన పందిరి విప్పుతానని మూడు వారాలు ఊరించి, ఆఖరికి ఒక సోమవారం కూడా తప్పించుకుని పోయాడు. ఆ కోపమంతా పాదు మీద తీర్చుకున్నాను. కత్తితో తీగలు నరికాను, కట్టెలు ఊడబెరికాను, గడ్డపారతో వేళ్లు పెళ్లగించాను. మట్టిలోంచి తేలు వస్తే చెప్పు కూడా వెతుక్కోలేదు, గడ్డపార మొనతో అక్కడికక్కడే చితకపొడిచాను. నా కోపం నీకు తెలుసు కదా. చేతిలో ఏదైనా ఉంటే ఇంకా ఎక్కువ వస్తుంది.

తవ్విన చోట బీర, సొర పెడదామని మేకల ఎరువు కలిపాను. పక్కింటి యాకమ్మ కోడి తన పది పిల్లలనూ వెంటేసుకుని వచ్చి, నేను చదును చేసిందంతా కెలికి పెట్టింది. ఒంటికన్ను పిల్లి గోడ మీద కూర్చుని, పని చేయించే మేస్త్రీ మాదిరి చూసింది. ఇక కండె గురించి. అది పనిలో ఎలా సాయం చేస్తుందో నీకు తెలియనిది కాదు. నేను ఒక గుంట తవ్వితే అది పక్కన రెండు తవ్వింది. నువ్వు ఎనిమిదో తరగతిలో బడి సంచిలో దాచి తెచ్చిన ఎలుకపిల్లంత కుక్క, యాకమ్మ ఇంట్లో పడుకుని మన ఇంట్లో తిని గల్లీ మొత్తానికి బిడ్డ అయి కూర్చుంది. దానికి ఆ పేరు ఎందుకు పెట్టావో ఆ రోజు మళ్లీ గుర్తొచ్చింది. పాదు అడుగున ఏడు నూలు కండెలు దొరికాయి. అది మగ్గాల దగ్గర్నుంచి ఎత్తుకొచ్చి పాతిపెట్టినవి. నవ్వాగలేదు నాకు. అది సిగ్గుపడ్డట్టు చెవులు వెనక్కి పెట్టింది.

తేజూ, కండె లేదు. ఆ రోజే చచ్చిపోయింది.

పొద్దున పదిన్నరకు యాకమ్మ కేక విని పరుగెత్తాను. గల్లీ నడుమ కండె కింద పడి కాళ్లు తన్నుకుంటోంది. నురగ కక్కింది. ఒళ్లు విల్లులా వంగి, తల రాయికేసి కొట్టుకుంటోంది. దాని నోట్లోంచి వచ్చిన అరుపు కుక్క అరుపులా లేదు. యాకమ్మ దాని మీద పడి ఏడుస్తోంది. పావుగంట పట్టింది పోవడానికి. అంతసేపూ గల్లీ అంతా చుట్టూ నిలబడి చూశాం.

"మొగిలయ్య ఎలుకల మందు తెచ్చిండు. నిన్న నా కండ్లార చూసిన" అన్నాడు యాకమ్మ కొడుకు హరీష్.

అంతే చాలింది మాకు. పోయిన నెల తాత గల్లీలో పడుగు సాగదీసి ఉంటే కండె దాని మధ్యలోంచి దూకి నూరు పోగులు తెంపింది. అప్పుడాయన రాయి విసిరి, "నిన్ను సంపి పాతిపెడ్త సూడు" అని అందరి ముందూ తిట్టాడు. ఆ మాట అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఎలుకలు నూలు కొరుకుతున్నాయని మందు తెచ్చుకోని సాలె ఇల్లు మన గల్లీలో ఒక్కటైనా ఉందా? ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

తాత అప్పుడే మగ్గం గుంతలోంచి లేచి, చేతిలో పేక విసిరే నాడెతోనే బయటికి వచ్చాడు. "ఏమైందే?" అని అడిగాడు. మొదటి దెబ్బ నాది. పెరట్లో ఊడబెరికిన చిక్కుడు పందిరి కట్టె నా చేతిలో ఉంది. దాన్ని ఎప్పుడు పట్టుకొచ్చానో నాకు తెలియదు. భుజం మీద కొట్టాను. డెబ్బై ఏళ్ల మనిషి, నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మామా అని పిలిచే మనిషి. "ఓ ప్రేమలతా, నేనేం జేసిన?" అంటూనే పడ్డాడు. నేను రెండోసారి కూడా కొట్టాను. ఆ తర్వాత ఎవరెవరు ఏవేవి పట్టుకొచ్చారో చెప్పలేను. కాళ్లతో తన్నారు. హరీష్ నా చేతిలోని కట్టె లాక్కున్నాడు. తాత తల కాపాడుకోవడానికి కుడి చేయి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆ చప్పుడుకు కోపం దిగలేదు సరికదా, బాగా అయింది అనుకున్నాను. ఇది కూడా రాస్తున్నాను.

కండెను మన పెరట్లోనే, నేను తవ్విన గుంటలోనే పెడదామన్నారు. పూడ్చే ముందు మూతి కడుగుదామని నీళ్లు పోశాను. పెదవి మడత తీస్తే లోపల నీలం రంగు. పళ్ల సందుల్లో నీలం.

మన గల్లీలో వాడే ఎలుకల మందు నల్లటి పొడి, నీలంగా ఉండదు తేజూ. మైలుతుత్తం, అదీ విషమే, నీలంగా ఉంటుంది. ఆ పొద్దున పడుగు పోగులకు పట్టించే గంజి కాచాను. నెల రోజులు చుట్టిపెట్టే పడుగు కాబట్టి పురుగు పట్టకుండా మీ నాయనమ్మ నేర్పినట్టు అందులో తుత్తం కలిపాను. చిటికెడు వేయాలి. మీ నాయన మీద కోపంలో గుప్పెడు వేశాను. కుండ నెర్రె ఇచ్చి కారుతుంటే, మిగిలిన గంజి చేతికందిన సత్తు గిన్నెలో వంచి జామచెట్టు కింద చల్లారబెట్టాను. అది కండె గిన్నె. రోజూ అన్నం వార్చిన గంజి నేనే దాంట్లో పోస్తాను. పోసి పిలవకపోయినా వచ్చి తాగి పోతుంది. ఆ రోజూ వచ్చింది, నా గిన్నె అని నమ్మి తాగింది.

అప్పుడైనా నోరు తెరవాలి కదా మీ అమ్మ. తెరవలేదు. కొంగుతో దాని మూతి శుభ్రంగా తుడిచాను. యాకమ్మ దాని కాళ్లు పట్టుకుని ఏడుస్తోంది కాబట్టి చూడలేదు. యాకమ్మా నేనూ కలిసి మన్ను కప్పాం. గిన్నె తోమి బోర్లించాను. ఆ చీర కొంగుకు నీలం మరక ఇప్పటికీ ఉంది.

తాతను హనుమకొండ దవాఖానకు తీసుకుపోయారు. మోచేతి కింద రెండు చోట్ల విరిగింది. డాక్టర్ అడిగితే మగ్గం గుంతలో పడ్డానని చెప్పాడట. కట్టు విప్పాక కూడా ఆ చేత్తో నాడె ఆడించడం కష్టమన్నారు. ఎనిమిది రోజులు ఆయన మగ్గం చప్పుడు లేదు. ఎదురింట్లోంచి ఆ చప్పుడు వినపడకపోతే నాకు అన్నం దిగలేదు, మీ నాయన అడిగితే నాకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. తొమ్మిదో రోజు పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. మామా, నన్ను ఏమైనా చెయ్యి అన్నాను.

ఆయన కట్టు కట్టిన చేయి ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత, "నాకెందుకు జెప్తవు? నేను సంపలేదని నాకు ఎర్కనే" అన్నాడు. "నన్ను ఇంట్ల గొట్టలే గద, గల్లీల గొట్టిన్రు. గల్లీల జెప్పు. పోరికి గూడ నువ్వే రాయి. నేను ఇసం బెట్టిన్నని ఆ పోరి ఒక్క దినం గూడ అనుకోవద్దు."

మరుసటి పొద్దున అందరూ నల్లా దగ్గర ఉన్నప్పుడు చెప్పాను. నీలం కొంగు చూపించాను. యాకమ్మ బిందె కింద పెట్టి వచ్చి నా చెంప పగలగొట్టింది. "నా బిడ్డను సంపి, నాతోనే మన్ను పోయించినవ్ గదనే!" అని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టింది. పెదవి చిట్లింది. ఎవరూ ఆపలేదు, నేను కూడా చేయి అడ్డం పెట్టలేదు. హరీష్ మాత్రం లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఇప్పుడు తాత ఇంటికి నీళ్లు మోసేది వాడే. నాతో మాట్లాడడు, తాతతోనూ మాట్లాడడు.

తాత మగ్గం మీద సగంలో ఆగిన జంపఖానా నేను నేస్తున్నాను. మన పని అయ్యాక రోజూ పోతాను. ఆయన పక్కన కూర్చుని, "పోగు వదులైంది, జర గట్టిగ గుంజు" అంటాడు. బీర గింజలు మొలిచాయి. కండెను పెట్టిన చోట ఏమీ పెట్టలేదు. ఆ ఏడు కండెలు కడిగి నీ పెట్టెలో ఉంచాను.

పొద్దున తాతకు అంబలి తీసుకుపోతున్నాను. మొదటి రోజు గిన్నె ముందు పెడితే దానివైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎడమ చేత్తో నావైపు జరిపి, "ముందు నువ్వు తాగు బిడ్డా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను రెండు గుక్కలు తాగాను. అప్పుడు ఆయన తాగాడు. ఇవాళ్టికి పదకొండో రోజు, ఇంకా ముందు నేనే తాగుతున్నాను.

పరీక్షలు బాగా రాయి. సెలవులకు ఇంటికి రా, రానని మాత్రం అనకు. నీ కంచంలో అన్నం పెట్టి, నువ్వు అడగకముందే మొదటి ముద్ద నేను తింటాను.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలో నిలబడ్డ
అమ్మ, ప్రేమలత