డెబ్బై మూడో పూస

పూసలు గుచ్చి బతికినదాన్ని, అరవై తొమ్మిదేళ్ళు నిండినదాన్ని, ఈ మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు వీధివైపు వాటాలో అద్దెకి ఒంటరిగా ఉంటున్నదాన్ని అయిన నేను, నా మతి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా తదనంతరం నా సొత్తు ఎవరెవరికి చెందాలో ఇందుమూలంగా నిర్ణయిస్తున్నాను. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. ఎక్కడైనా ఏదైనా కాగితం కనిపిస్తే అది సరుకుల చీటీ అయి ఉంటుంది.

మతి సంగతి ఒక మాట చెప్పాలి. ఈ నాలుగు ముక్కలూ రాసేలోపు రెండుసార్లు లేచి స్టవ్ ఆపానో లేదో చూశాను, మూడుసార్లు తలుపు గడియ చూశాను. ఇలాంటిదాని వీలునామా చెల్లుతుందా అని డాక్టరు గారిని అడిగితే, "మతి లేనివాళ్ళకి ఇంత భయం ఉండదండీ, మీరు నిశ్చింతగా రాసుకోండి" అన్నారు. నిశ్చింతగా రాయడం నావల్ల కాదు గానీ రాస్తున్నాను. నాది నాలుగో తరగతి చదువు. దస్తావేజు మాటలు కింది వాటా టైలరు చెప్పాడు. మిగతావి నావి.

1. నేను పోయానని తెలియగానే ఎవరు ముందొస్తే వాళ్ళు స్టవ్ ఆపి ఉందో లేదో, కుళాయి కట్టి ఉందో లేదో చూడవలెను. ఏడుపులుంటే ఆ తర్వాత. బల్ల మీద పళ్ళెం ఉంటే కదపకూడదు. అందులో పూసలు రంగుల వరసలో ఉంటాయి, ఒకసారి ఒలికితే మళ్ళీ నేను వచ్చి సర్దను. గది ఊడ్చేవాళ్ళు చెత్త ఒకసారి వేళ్ళతో తడిమి చూసి పారేయాలి.

2. నా పని బల్ల, రెండు పట్టకార్లు, సన్నముక్కు కటింగ్ ప్లయరు, సూదుల డబ్బా, మైనపు ముద్ద, భూతద్దం, వీటన్నిటినీ నా చెల్లెలి కూతురికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. వాళ్ళమ్మకి తెలియకుండా ఏడాదికి రెండు మూడుసార్లు నా దగ్గరికి వస్తుంది. వచ్చినప్పుడల్లా పాత చెవిదుద్దులో, కోటు గుండీలో, తెగిన గొలుసు ముక్కలో తెచ్చి, "పెద్దమ్మా, దీంతో ఏమన్నా అవుతుందా" అని బల్ల మీద పోస్తుంది. దానితో ఏమీ కాని వస్తువు నాకింతవరకూ తగల్లేదు. ఒకసారి గొడుగు ఊచ ముక్కలు తెచ్చింది. అవీ అయ్యాయి.

దానికి ముడి నేర్పాను. నా పనికి బతుకంతా ముడే. పూస ఎక్కించి, దాన్ని ఆనుకుని ముడి వేసి, ఆ ముడిని సూది మొనతో పూస దాకా జరిపి బిగించి, అప్పుడు రెండో పూస. ఇలా చేస్తే దండ తెగినా రాలేది ఒక్క పూసే. ముడి లేకుండా చకచకా ఎక్కిస్తే దండ ఒక పూటలో అయిపోతుంది, తెగితే ఒక్క క్షణంలో అయిపోతుంది. అమ్మాయీ, తొందర ఉన్న రోజు పని మానేయి గానీ ముడి మానకు. ఇది క్లాజులో ఎందుకు రాశానో ఆరోదానిలో తెలుస్తుంది.

3. సొరుగులు పదకొండు. గాజువి, కొయ్యవి, ఇత్తడివి, ఎముకవి, గవ్వ ముక్కలు, నేను మట్టితో చేసి కాల్చినవి, వేరువేరుగా ఉన్నాయి. అవీ అమ్మాయికే. తొమ్మిదో సొరుగులో గడియారాల చక్రాలున్నాయి. మా ఆయన వాచీలు బాగుచేసేవాడు. పనికిరాని చక్రాలు అగ్గిపెట్టెలో దాచి తెచ్చి, "నా దగ్గర ఆగిపోయినవి నీ దగ్గర తిరుగుతాయి" అనేవాడు. ఆయన పోయి పదిహేడేళ్ళు. అగ్గిపెట్టెలో ఇంకా నలభై దాకా ఉన్నాయి. పొదుపుగా వాడుతున్నాను. అమ్మాయి అంత పొదుపుగా వాడనక్కర్లేదు.

పదకొండో సొరుగులో గురివింద గింజలున్నాయి. పైకి ముద్దుగా ఉంటాయి గానీ కడుపులోకి పోతే విషం. వాటిని ఎవరికీ ఇవ్వడం లేదు. పిల్లలున్న ఇళ్ళకి అసలు పోకూడదు. లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాలి. టైలరు "గింజల్ని పాతిపెడితే మొలుస్తాయి కదమ్మా" అన్నాడు. అది నాకు తోచలేదు. కాబట్టి ముందు ఉడకబెట్టి పాతాలి. ఉడికించిన గిన్నె మళ్ళీ వాడకూడదు, పిల్లలు తిరిగేచోట పాతకూడదు.

4. ఇరవై రెండేళ్ళుగా నా దండలు కొన్న ఫ్యాన్సీ షాపు ఆయనకి నా సొత్తులో ఏదీ చెందదు. ఆయనకి నేను ఇస్తున్నది ఒక నిజం. మెడ వెనక హుక్కు లేకుండా తలమీంచి వేసుకునే పొడుగాటి దండలు ఆయన షాపులో బాగా పోయాయి. వచ్చినవాళ్ళందరితో "మా సొంత డిజైనండీ, ఇప్పుడంతా ఇదే ఫ్యాషను" అని, నేను కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే చెప్పాడు. ఆ డిజైను ఆయనదీ కాదు, ఫ్యాషనూ కాదు. దండ అయ్యాక ఎలా పడుతుందో చూడడానికి నేనే వేసుకుని అద్దంలో చూసుకుంటాను. వెనక హుక్కు మా ఆయన పెట్టేవాడు, భూతద్దం నుదుటి మీదికి తోసుకుని. ఆయన పోయాక నా చేతులు వెనక్కి అందలేదు. నాలుగు రోజులు ప్రయత్నించాను. అయిదో రోజు తల పట్టేంత పొడుగు చేశాను. అంతే డిజైను. షాపు ఆయన్ని నిందించడానికి కాదు, దస్తావేజులో ఉంటే అబద్ధం అనరని రాస్తున్నాను.

5. మేడమీది పంతులమ్మ తొమ్మిదేళ్ళ కిందట నా చిన్న కత్తెర "ఇప్పుడే ఇస్తాను" అని పట్టుకెళ్ళింది. ఆ కత్తెరను ఆమెకే ఇందుమూలంగా ఇచ్చివేస్తున్నాను. మొదటి ఏడాది రుసరుసలాడిన మాట నిజం. తర్వాత గమనించాను, మెట్ల మీద నా అడుగు వినపడితే ఆవిడ మళ్ళీ పైకెక్కి తలుపేసుకుంటుంది. పోయిందో, విరిగిందో, ఉండీ ఇవ్వలేకపోతోందో. కత్తెర కోసం ఒక మనిషి తొమ్మిదేళ్ళు తన ఇంటి మెట్లు తాను దిగలేకపోవడం నాకు చాలా బాధగా ఉంది. ఆ బాధ నాకు ఎలా తెలుసో కింద రాశాను.

6. ఇది నా చెల్లెలికి.

అమ్మ పోయినప్పుడు పౌడరు డబ్బాలో పూసలు మిగిల్చింది. ఏ రెండూ ఒక రకం కావు. మొత్తం డెబ్బై మూడు. అందులో ఒక్కటి ఎర్ర రాయి, అంచున చిన్న పెచ్చు లేచినది, అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. వాటన్నిటినీ ఒకే దండగా నేను గుచ్చేటట్టు, ఏడాదికొకరం వంతు ప్రకారం వేసుకునేటట్టు మేమిద్దరం అనుకున్నాం. మొదటి వంతు చెల్లెలిది.

చెల్లెలు తీసుకుపోవడానికి వచ్చిన రోజు దండ ఇంకా కాలేదు. మూడు రోజులు నేను వరస మార్చడంలోనే ఉన్నాను. ఎర్రది మధ్యలో ఉంటే బాగుంటుందా, పక్కకి ఉంటే బాగుంటుందా అని. చెల్లెలు గుమ్మంలో నిలబడి, "ఇంకెంతసేపు అక్కా, బస్సు నా కోసం ఆగుతుందా" అంది. నాకు కంగారు పుట్టింది. మొదటి ఏడు పూసలకి ముడులు వేసి, మిగతా అరవై ఆరూ ముడి లేకుండా ఎక్కించాను. హుక్కు బిగించి మెడలో వేశాను. ఇది ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు.

మెట్లు దిగుతుంటే తెగింది. ముడులున్న ఏడూ దారానికే ఉన్నాయి. మిగతావి కింది వీధిగుమ్మం దాకా దొర్లాయి. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ మెట్ల మీద కూర్చుని ఏరారు. నేను పని పళ్ళెం పట్టుకుని తిరిగితే అందులో పోశారు. లెక్కపెడితే డెబ్బై రెండు. ఎర్రది లేదు.

చెల్లెలు అందరి ముందూ, "అన్నీ దొరికి అదొక్కటే ఎలా మాయమైందక్కా? నీ కళ్ళు మొదట్నుంచీ దాని మీదే కదా" అంది. నేను తగ్గలేదు. "నీ మెడలో అది నిలవలేదు, నన్నేం చెయ్యమంటావు" అన్నాను. ముడి వెయ్యనిది నేను. అన్నది ఆ మాట. చెల్లెలు ఆరేళ్ళ కూతుర్ని రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు అయింది.

పదకొండో రోజు పళ్ళెంలో పరిచిన గుడ్డ ఉతుకుదామని పీకాను. పూస దొర్లకుండా ఆ గుడ్డ అంచులు జిగురుతో అంటిస్తాం. ఒక మూల జిగురు ఊడి ఉంది. ఎర్ర పూస ఆ గుడ్డ కిందే ఉంది. నేను దాచలేదు. దైవసాక్షిగా దాచలేదు. కానీ నా ఇంట్లో, నా పళ్ళెంలోనే ఉంది.

గుప్పిట్లో పట్టుకుని మెట్ల దాకా వెళ్ళాను. ఇప్పుడిస్తే దాచి, భయపడి తెచ్చింది అనదా అని ఆగాను. నెల పోయాక, నెల దాకా ఏం చేశావంటే ఏం చెప్పను అనుకున్నాను. ఏడాది పోయాక నెలే నయమనిపించింది. అప్పట్నుంచి పూస చిన్న మందు సీసాలో, దూదిలో ఉంది. ప్రతి ఏడూ దూది మార్చాను. ఇల్లు వదిలి ఒక్క రోజు కూడా ఎక్కడికీ పోలేదు. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. దాన్ని కిందికి తిప్పి పెట్టుకుని ఇంతకాలం కూర్చున్నాను.

కాబట్టి, డెబ్బై రెండు పూసలూ మళ్ళీ గుచ్చాను, ప్రతి పూసకీ ముడి వేసి. ఒక కొస వదిలి ఉంచాను. ఆ కొసకి సూది కూడా ఎక్కించి ఉంది. ఎర్ర పూస సీసాలోనే ఉంది. రెండూ నా చెల్లెలివి, వంతులు లేకుండా. ఆఖరి పూస తను ఎక్కించి, ముడి వేసుకోవాలి. చేతకాకపోతే కూతురు వేస్తుంది. వద్దంటే బలవంతం లేదు. ఆమె తీసుకోకపోతే అమ్మాయికి కూడా ఇవ్వకూడదు, నాతోపాటే పంపాలి.

ఈ దండకి మాత్రం అవతలి కొసన హుక్కు పెట్టాను, దాని రింగు సీసాలో పూస పక్కనే ఉంది. తలమీంచి పట్టదు. ఎవరో ఒకరు వెనక నిలబడి పెట్టాల్సిందే.

7. ఈ వీలునామా అమలు చేయడానికి కింది వాటా టైలరును నియమిస్తున్నాను. అతను సాక్షి కూడా కాబట్టి ఇందులో అతని పేర ఏమీ రాయకూడదట. అందుకని ఎముక గుండీల డబ్బా నిన్ననే చేతికిచ్చేశాను. అది వీలునామా కిందికి రాదు.

ఆరో క్లాజు అతనికి చదివి వినిపించినప్పుడు కత్తిరిస్తున్న గుడ్డ పక్కన పెట్టి, "ఇంత మాట మీరు పోయాక చెబితే, ఆవిడ తిట్టాలన్నా ఎవర్ని తిడుతుందమ్మా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. సగం కుట్టిన రవిక కూడా వద్దని పైకొచ్చేశాను. రెండు రోజులు ఆలోచించాను. తిట్టించుకోవడానికైనా మనిషి ఉండాలి. ఆ తిట్లు నావి. వాటిని అమ్మాయికి గానీ టైలరుకి గానీ వారసత్వంగా వదిలిపెట్టడం న్యాయం కాదు.

అందుచేత, వీలునామాలో మిగతాదంతా నేను పోయాక విప్పేటట్టూ, ఆరో క్లాజు మాత్రం ఇప్పుడే అమలయ్యేటట్టూ మార్చుతున్నాను. దాన్ని వేరే కాగితం మీద నా చేత్తో ఎత్తి రాసి, ఈ ఉదయం చెల్లెలి పేరిట రిజిస్టరు పోస్టు చేశాను. రసీదు దీనికి జత చేశాను. పూస పోస్టులో పంపలేదు, దారిలో పోతుందని. నేను బతికుండగా ఆమె వస్తే దండా పూసా నా చేతులతో ఇస్తాను, ఆరో క్లాజు రద్దయినట్టే. రాకపోతే అది యథాతథంగా ఉంటుంది.

పైన రాసినదంతా చదువుకుని, సరిగా ఉందని నమ్మి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

2014 ఫిబ్రవరి 11, మంగళవారం.

(సంతకం) పూసలావిడ

సాక్షులు:
1. కింది వాటా టైలరు
2. డాక్టరు గారు, వీధి చివర క్లినిక్కు

షరా: ఉత్తరం చేరడానికి మూడు రోజులు పడుతుందని పోస్టాఫీసులో చెప్పారు. శుక్రవారం నుంచి పగటిపూట నా తలుపుకి గడియ ఉండదు. ఎవరైనా తోస్తే తెరుచుకుంటుంది. మరిచిపోయి తీసి ఉంచాననుకుని ఎవరూ బయటినుంచి వేయవద్దు. తెలిసే తీశాను.